శాశ్వత కుర్చీ మీద నాకు ఆసక్తి ఎందుకు పోయింది

ఐక్యరాజ్య సమితి చార్టర్ తెరిచి 23వ అధికరణం చదవండి. భద్రతా మండలి శాశ్వత సభ్యులుగా అక్కడ ఐదు పేర్లుంటాయి. వాటిలో ఒకటి రిపబ్లిక్ ఆఫ్ చైనా, అంటే ఇప్పుడు తైవాన్‌కు పరిమితమైపోయిన ప్రభుత్వం. ఇంకొకటి సోవియట్ యూనియన్. మొదటిదాన్ని 1971లో సమితి నుంచే బయటికి పంపించేశారు. రెండోది 1991 డిసెంబరు తర్వాత లోకంలోనే లేదు. ఆ కుర్చీల్లో ఇవాళ కూర్చున్నది బీజింగ్, మాస్కో. చార్టర్‌లో మాత్రం ఆ పేర్లు అలాగే ఉన్నాయి. పట్టా ఎప్పుడో పోయిన తాత పేరు మీద, సాగు మనవడిది.

ఆ కుర్చీలు చేతులు మారిన తీరు చూడండి. చైనా విషయం 1971 అక్టోబరు 25న, సభ్యదేశాలన్నీ కూర్చునే సర్వప్రతినిధి సభలో ఓటింగుకు వచ్చింది. అనుకూలంగా 76, వ్యతిరేకంగా 35, తటస్థంగా 17. మావో బీజింగ్‌లో గద్దెనెక్కిన 1949 నుంచీ నలుగుతున్న తగాదా ఒక్క ఓటింగుతో తేలిపోయింది. సోవియట్ విషయంలో ఆ ఓటింగు కూడా లేదు. 1991 డిసెంబరు 24న రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ సమితి ప్రధాన కార్యదర్శికి ఒక లేఖ రాశారు, సోవియట్ సభ్యత్వాన్ని ఇకమీదట రష్యా కొనసాగిస్తుందని. ఎవరూ అడ్డు చెప్పలేదు. బల్ల మీద పేరు బోర్డు మారింది. 1992 జనవరి 31న భద్రతా మండలి చరిత్రలో మొదటిసారి దేశాధినేతల స్థాయిలో సమావేశమైతే రష్యా కుర్చీలో యెల్త్సిన్ కూర్చున్నారు. ఆ ఏడాది భారత్ తాత్కాలిక సభ్యదేశం కాబట్టి అదే బల్ల చుట్టూ మన పి.వి. నరసింహారావు కూడా ఉన్నారు. ప్రపంచంలోని అతి పెద్ద అణ్వాయుధ శక్తుల్లో ఒకదాని వీటో, అంటే ముఖ్యమైన తీర్మానాన్ని ఒక్క ఓటుతో పడగొట్టే హక్కు, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి వెళ్లింది, మన ఊళ్లో కరెంటు మీటరు పేరు మార్చుకోవడానికి పట్టేన్ని సంతకాలు కూడా లేకుండా.

గ్రూప్-1 మెయిన్స్‌కు చదివే పిల్లలకు నేను అంతర్జాతీయ సంబంధాలు చెప్తుంటాను. ఏటా సెప్టెంబరులో న్యూయార్క్ సమావేశాలు మొదలవ్వగానే క్లాసులో అదే ప్రశ్న లేస్తుంది: సార్, మనకు శాశ్వత సభ్యత్వం ఎప్పుడొస్తుంది? ఒకప్పుడు సీరియస్‌గా జవాబు చెప్పేవాణ్ణి, ఏ దేశం మద్దతిచ్చింది, ఏ దేశం అడ్డం పడుతోంది అని పట్టిక గీసి మరీ. ఇప్పుడు గీయడం లేదు. ఆశ పోయి కాదు. ప్రపంచ పాలన ఎలా మారుతుందో చూస్తే, అది అన్నిటికంటే తక్కువగా మారే చోటే మనం ముప్పై ఏళ్లుగా నిలబడి తలుపు తడుతున్నామని అనిపిస్తోంది. చార్టర్‌ను దిద్దడం ద్వారా ఈ ప్రపంచం మారింది తక్కువ. అలవాట్ల ద్వారా, చిన్న దేశాల మొండితనం ద్వారా, ఎవరూ పట్టించుకోని కమిటీ గదుల్లో మారింది ఎక్కువ.

వీటో సంగతే తీసుకోండి. ముఖ్యమైన తీర్మానం నెగ్గాలంటే శాశ్వత సభ్యులందరి సమ్మతి ఓటు కావాలని చార్టర్ రాసింది. అక్షరాలా చదివితే ఒకరు తటస్థంగా ఉన్నా తీర్మానం పడిపోవాలి. కానీ 1946లోనే స్పెయిన్ విషయంలో సోవియట్ ప్రతినిధి తటస్థంగా ఉంటే తీర్మానం నెగ్గిందనే లెక్క వేశారు. అది అలవాటైపోయింది. పాతికేళ్ల తర్వాత, 1971లో, నమీబియా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ అలవాటే చట్టమని ఒప్పుకుంది. ఇవాళ చైనా ఇష్టం లేని తీర్మానాన్ని అడ్డుకోకుండా పక్కకు తప్పుకోగలుగుతోందంటే అది ఆ అలవాటు పుణ్యమే. అసలు ఆ వెసులుబాటు లేకపోతే మండలి ఎప్పుడో మూతపడేదని నా నమ్మకం.

చార్టర్‌ను నిజంగా దిద్దిన సందర్భాలూ ఉన్నాయి, వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాటిలో పెద్దది 1963 నాటిది. మన వాళ్లు శాశ్వత సభ్యత్వం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని ఎందుకో తలుచుకోరు.

1945లో సమితిలో 51 దేశాలు. ఆఫ్రికా నుంచి నాలుగే: ఈజిప్టు, ఇథియోపియా, లైబీరియా, దక్షిణాఫ్రికా. మండలిలో 11 సీట్లు, అందులో తాత్కాలికం ఆరు. ఆ ఆరింటిని ఎలా పంచుకోవాలో 1946లో లండన్‌లో పెద్దమనుషుల ఒప్పందం ఒకటి చేసుకున్నారు. లాటిన్ అమెరికాకు రెండు, పశ్చిమ ఐరోపాకు ఒకటి, తూర్పు ఐరోపాకు ఒకటి, మధ్యప్రాచ్యానికి ఒకటి, కామన్వెల్త్‌కు ఒకటి. ఆసియాకు సీటు లేదు. ఆఫ్రికాకు లేదు. 1950లో మనం మొదటిసారి మండలిలో అడుగుపెట్టింది కామన్వెల్త్ కోటాలోనే, కెనడా ఖాళీ చేసిన కుర్చీలో.

తర్వాత వలస రాజ్యాలు కూలాయి. 1960 ఒక్క ఏడాదే 17 కొత్త దేశాలు చేరాయి, 16 ఆఫ్రికావి. 1963 నాటికి సభ్యుల సంఖ్య 110 దాటింది. ఆ ఏడాది డిసెంబరు 17న మండలిని 15కు పెంచాలనే తీర్మానం సర్వప్రతినిధి సభకు వచ్చింది. ఐదుగురు పెద్దల్లో అనుకూలంగా ఓటేసింది ఒక్కరే, తైవాన్‌లో ఉన్న చైనా ప్రభుత్వం. ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ వ్యతిరేకంగా వేశాయి. అమెరికా, బ్రిటన్ తటస్థం. తీర్మానం నెగ్గింది కానీ నెగ్గినంత మాత్రాన చాలదు. చార్టర్ సవరణ అమల్లోకి రావాలంటే ఐదుగురూ తమ దేశాల్లో ఆమోదించి తీరాలి. ఆ రోజు సభలో కూర్చున్నవాణ్ణి అడిగితే ఇది అటకెక్కినట్టే అనేవాడు.

20 నెలల్లో ఐదుగురూ ఆమోదించారు. 1965 ఆగస్టు 31 నుంచి సవరణ అమల్లోకి వచ్చింది.

ఎందుకు దిగొచ్చారు? ప్రచ్ఛన్న యుద్ధంలో రెండు పక్షాలకూ కొత్త దేశాల ఓట్లు కావాలి. అంతమంది ముందు కాదన్నవాడిగా ఒక్కరే మిగిలిపోవడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. ఇంకో కారణం కూడా ఉంది, నా దృష్టిలో ఇదే అసలుది. ఆసియా, ఆఫ్రికా దేశాలు అడిగింది తాత్కాలిక సీట్లు. ఎవరి వీటోనూ ముట్టుకోలేదు, తమకు వీటో కావాలనీ అడగలేదు. పెద్దవాళ్ల జేబులోంచి ఏమీ తీయకుండా బల్లను మాత్రం పొడుగు చేశారు.

ఇప్పుడు మనం అడుగుతున్నది దానికి సరిగ్గా ఎదురు. 2005లో భారత్, జపాన్, జర్మనీ, బ్రెజిల్ కలిసి ముసాయిదా పెట్టాయి: మండలిని 25కు పెంచాలి, ఆరు కొత్త శాశ్వత సీట్లు ఇవ్వాలి, కొత్తవాళ్లు 15 ఏళ్ల దాకా వీటో వాడరు. ఆఫ్రికన్ యూనియన్ ఒప్పుకోలేదు, వీటో ఉంటే ఇప్పుడే అందరికీ ఉండాలంది. ఇక పక్కింటి తగాదాలు. మనం అంటే పాకిస్తాన్‌కు పడదు, జర్మనీ అంటే ఇటలీకి, బ్రెజిల్ అంటే అర్జెంటీనాకు, జపాన్ అంటే దక్షిణ కొరియాకు, అన్నిటికీ మించి చైనాకు. చైనా కాక మిగిలిన ఈ పొరుగువాళ్లు కలిసి కట్టిన గుంపుకు న్యూయార్క్‌లో ‘కాఫీ క్లబ్’ అని పేరు. ముసాయిదా ఓటింగుకే రాలేదు. ఇప్పుడున్న 193 సభ్యుల్లో 129 ఓట్లు సంపాదించినా ఆ తర్వాత బీజింగ్, వాషింగ్టన్ సహా ఐదు రాజధానుల ఆమోదం కావాలి. సంస్కరణల మీద కమిటీ వేసింది 1993లో. ఆ ఏడాది పుట్టినవాళ్లు నా క్లాసులో చదువుకుని, ఉద్యోగాలు తెచ్చుకుని, పెళ్లిళ్లు కూడా చేసుకున్నారు.

ఇక్కడ వాట్సాప్‌లో తిరిగే మాటొకటి ఎలాగూ వస్తుంది, నెహ్రూ కుర్చీ కాదన్నాడని. 1950లో అమెరికా వైపు నుంచి సూచన వచ్చిన మాట, 1955లో సోవియట్ ప్రధాని బుల్గానిన్ ప్రస్తావించిన మాట, ముందు చైనా సంగతి తేలాలని నెహ్రూ అన్న మాట రికార్డుల్లో ఉన్నాయి. నెహ్రూ అంచనాను తప్పు పట్టొచ్చు. కానీ 1950లో భారత్‌కు కుర్చీ కావాలంటే కూడా చార్టర్‌ను సవరించాల్సిందే, దానికి ఐదుగురూ సంతకం పెట్టాల్సిందే. అప్పట్లో ఒక పెద్దమనిషి పెట్టే ప్రతిదానికీ ఇంకొకరు అడ్డం పడుతున్నారు. ఎవరి చేతిలోనూ లేని కుర్చీని వద్దనడం మీద ఇన్ని దశాబ్దాలుగా కొట్టుకుంటున్నాం.

వీటో అంటే అన్యాయం అని క్లాసులో అనని విద్యార్థి ఉండడు. అన్యాయమే. అయితే ఆ అన్యాయం నీడలో మనమూ బాగానే నిలబడ్డాం. కశ్మీర్ మీద 1957లోనూ, 1962లోనూ వచ్చిన తీర్మానాలను సోవియట్ యూనియన్ వీటో చేసింది. 1961 డిసెంబరులో మన సైన్యం గోవాలోకి వెళ్తే కాల్పుల విరమణ చేసి వెనక్కి రమ్మన్న తీర్మానాన్ని అదే వీటో పడగొట్టింది. 1971 డిసెంబరులో ఢాకా వైపు మన సైన్యం నడుస్తున్న రోజుల్లో మళ్లీ మళ్లీ అదే జరిగింది. వీటో లేని మండలి ఉండి ఉంటే బంగ్లాదేశ్ చరిత్ర ఇలాగే నడిచేదా అన్నది ఎవరికి వాళ్లు ఆలోచించుకోవాలి.

మన హైదరాబాద్ కూడా ఆ బల్ల మీదికి వెళ్లింది. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 13న భారత సైన్యం సరిహద్దు దాటింది. 16న పారిస్‌లో మండలి ఈ విషయం తీసుకుంది, మొయిన్ నవాజ్ జంగ్ నిజాం తరఫున వాదించారు, భారత్ తరఫున రామస్వామి ముదలియార్. హైదరాబాద్ అసలు స్వతంత్ర రాజ్యమే కాదు, ఫిర్యాదు చేసే అర్హతే లేదు అన్నది మన వాదన. పారిస్‌లో వాదనలు నడుస్తుండగానే 17న నిజాం చేతులెత్తేశారు. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు తంతి పంపారు. (ఆ రోజుల్లో, ఆ తర్వాత పల్లెల్లో ఎవరి మీద ఏం జరిగిందన్నది పారిస్‌లో ఎవరూ అడగలేదు. దాని గురించి మన దగ్గర కూడా చాలాకాలం ఎవరూ అడగలేదు.) మండలి చివరిసారి దీన్ని చర్చించింది 1949 మే 24న. తీర్మానం లేదు. కానీ జాబితాలో ఆ అంశం ఉండిపోయింది. హైదరాబాద్ రాష్ట్రమే రద్దయి, ఆంధ్రప్రదేశ్ వచ్చి, హైటెక్ సిటీ కట్టి, ఐటీ కంపెనీలు దిగాక కూడా మండలి పరిశీలనలో ఉన్న విషయాల జాబితాలో ‘హైదరాబాద్ సమస్య’ అని ఏటా అచ్చవుతూ వచ్చింది. చాలాకాలం చర్చకు రాని విషయాలను తీసేస్తామని మండలి అంటే, ఏదో ఒక సభ్యదేశం ఉంచమని రాస్తే ఉంచుతారు. ఎవరు రాస్తారో చెప్పక్కర్లేదు.

కాగితం కదలకపోవడానికి ఇంతకంటే ఉదాహరణ నాకు తెలియదు. ఇక కదిలినవాటి సంగతి.

1956లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. ఇజ్రాయెల్, బ్రిటన్, ఫ్రాన్స్ దాడికి దిగాయి. మండలిలో తీర్మానం పెడితే బ్రిటన్, ఫ్రాన్స్ వీటో చేశాయి. అప్పుడు విషయం సర్వప్రతినిధి సభకు పోయింది. కెనడా విదేశాంగ మంత్రి లెస్టర్ పియర్సన్ రెండు పక్షాల మధ్య సమితి సైన్యాన్ని నిలబెడదామన్నారు. అలాంటి సైన్యం గురించి చార్టర్‌లో ఎక్కడా లేదు. అయినా నవంబరు 4న సభ ఒప్పుకుంది, కొద్ది రోజుల్లోనే దళాలు దిగాయి, మన సైనికులు కూడా వెళ్లారు. యూనిఫాంలు చూస్తే బ్రిటిష్ వాళ్లా కాదా అని ఈజిప్షియన్లకు గందరగోళం రాకుండా హెల్మెట్లకు నీలం రంగు కొట్టించారు. ఆ హడావుడి రంగే ఇవాళ ప్రపంచమంతా గుర్తుపట్టే నీలి టోపీ. ఒక్క అధికరణం కూడా సవరించకుండా సమితికి ఒక సైన్యం పుట్టింది.

సముద్రం కథ ఇంకా పెద్దది, మనకు ఇంకా దగ్గరది.

నూరేళ్ల కిందట తీరం నుంచి మూడు మైళ్ల దాకానే దేశానిది, ఆ తర్వాత ఎవరిదీ కాదు అన్నది పెద్ద నౌకాదళాలున్న దేశాల మాట. 1945లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తమ తీరపు అడుగునేలలోని చమురు తమదేనని ప్రకటించారు. దాన్ని చూసి 1947లో చిలీ, పెరూ 200 మైళ్ల దాకా మాదే అన్నాయి. వాళ్లు చూసుకుంది చమురు కాదు, చేపలు. పెద్ద దేశాలు నవ్వాయి, నిరసన లేఖలు పంపాయి, పడవలు పట్టుకుంటే కొట్లాడాయి. చిలీ, పెరూ, ఈక్వడార్ 1952లో కలిసి మళ్లీ అదే ప్రకటించాయి. ఆఫ్రికా, ఆసియాలో కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలు ఇది బాగుందే అనుకున్నాయి. 1967లో మాల్టా ప్రతినిధి ఆర్విడ్ పార్డో, ఆ పరిధులకు అవతలున్న సముద్రపు అడుగు మానవాళి అందరి ఉమ్మడి ఆస్తి అని సర్వప్రతినిధి సభలో గంటల తరబడి ప్రసంగించారు. 1973లో మొదలైన చర్చలు 1982లో ఒప్పందంగా మారాయి. అది అమల్లోకి వచ్చింది 1994లో.

భారత్ ఆ ఒప్పందం కోసం ఆగలేదు. 1976లోనే రాజ్యాంగాన్ని సవరించి, సముద్ర మండలాల చట్టం చేసి 200 నాటికల్ మైళ్లు మాదన్నాం. ఒప్పందం పుట్టడానికి ఆరేళ్ల ముందు. అమెరికా ఇంకా విచిత్రం: ఆ ఒప్పందాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు, కానీ 1983లో రేగన్ ఒక ప్రకటనతో 200 మైళ్ల హక్కు తీసేసుకున్నారు. కాకినాడ తీరానికి పదుల కిలోమీటర్ల అవతల, లోతు సముద్రంలో, కేజీ బేసిన్ గ్యాస్ బావులున్నాయి. మన ప్రాదేశిక జలాల హద్దు 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లు. దానికి అవతల తవ్వుకునే హక్కు మనకు వచ్చింది ఏ యుద్ధం వల్లా, ఏ శాశ్వత కుర్చీ వల్లా కాదు. ఆ గ్యాస్ వాటా మీద ఢిల్లీలో, ముంబయిలో, కోర్టుల్లో ఎంత కొట్లాట జరిగిందో మనకు తెలుసు. అసలు అది మన దేశానిది అయ్యేలా చేసినవాళ్లలో పెరూ చేపల పడవలవాళ్లు కూడా ఉన్నారని ఎవరూ చెప్పరు.

సముద్రం మీద గీసిన గీత వరమే కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో వాళ్ల బోట్లు హద్దు దాటాయని పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది 2020 జనవరి దాకా ఇంటికి రాలేదు. గుజరాత్, సింధ్ సరిహద్దులోని సర్ క్రీక్ దగ్గర గీత ఎక్కడ పడాలో రెండు దేశాలూ ఇంకా తేల్చుకోలేదు కాబట్టి ఆ టెన్షన్ బోటు మీద కూలికి పోయినవాడి నెత్తిన పడుతోంది. ప్రపంచ పాలన అనే మాట ఎంత పెద్దగా వినిపించినా చివరికి దిగేది ఇలాంటి ఇళ్ల మీదికే.

ఈ మధ్యకాలం ఉదాహరణలు త్వరగా చెప్తాను. 2017 నవంబరులో అంతర్జాతీయ న్యాయస్థానం ఎన్నికలో చివరి సీటుకు మన దల్వీర్ భండారీ, బ్రిటన్ క్రిస్టఫర్ గ్రీన్‌వుడ్ పోటీపడ్డారు. సర్వప్రతినిధి సభలో మెజారిటీ భండారీ వైపు, మండలిలో గ్రీన్‌వుడ్ వైపు. చివరికి బ్రిటన్ తప్పుకుంది. 1946లో కోర్టు మొదలైనప్పటి నుంచి బ్రిటిష్ జడ్జి లేకపోవడం అదే మొదటిసారి. శాశ్వత సభ్యుడికి ఒక జడ్జి ఖాయం అన్నది ఎక్కడా రాసిలేదు, అలవాటు మాత్రమే, ఆ రోజు బ్రిటన్ విషయంలో తెగింది. 2022 ఏప్రిల్ 26న లీక్టెన్‌స్టయిన్ ముందుండి ఒక తీర్మానం తెచ్చింది: ఎవరు వీటో వాడినా 10 పనిదినాల్లో సర్వప్రతినిధి సభ సమావేశమై దాని మీద చర్చ పెట్టాలి. ఓటింగు కూడా లేకుండా ఆమోదం పొందింది. ఆ దేశం మొత్తం జనాభా 40 వేలకు అటూ ఇటూ, మన దగ్గర ఒక మండలంలో అంతకంటే ఎక్కువమంది ఉంటారు. పసిఫిక్‌లోని వనువాటు అయితే వాతావరణ మార్పు మీద అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం అడిగేలా 2023లో సభను ఒప్పించింది. ఆ ఆలోచన మొదలైంది 2019లో లా చదువుతున్న విద్యార్థుల దగ్గర. 2025 జులైలో కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది, వాతావరణాన్ని కాపాడటం దేశాలకు చట్టపరమైన బాధ్యతేనని.

దీనికి ఎదురు వాదన నాకు తెలియనిది కాదు. క్లాసులో వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు లేచి అంటారు: సార్, ఇవన్నీ బాగున్నాయి, ఉక్రెయిన్‌లో ఏమైంది, గాజాలో ఏమైంది? 2022 ఫిబ్రవరి 25న రష్యా తన దాడి మీద తీర్మానాన్ని తానే వీటో చేసింది. మండలి అధ్యక్ష స్థానంలో ఆ నెల ఉన్నది కూడా రష్యానే. గాజా కాల్పుల విరమణ తీర్మానాలను అమెరికా పదే పదే వీటో చేసింది. వీటో తర్వాత సభలో చర్చ పెడితే బాంబు ఆగుతుందా? ఆగదు. ఒప్పుకుంటాను. నేనన్నది అలవాట్లు మంచివైపే మారతాయని కాదు. రెండు వైపులా మారతాయి, అదే వాటి ప్రమాదం.

ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు కోర్టు చూడండి. ఏడుగురు సభ్యులు ఉండాలి, కొత్తవాళ్లను వేయాలంటే అందరూ ఒప్పుకోవాలి. అమెరికా నియామకాలను ఆపుతూ వచ్చింది. 2019 డిసెంబరు నాటికి కేసు వినడానికి సరిపడా జడ్జిలు లేరు, కోర్టు పడుకుంది. ఎవరూ దాన్ని రద్దు చేయలేదు, కాగితం మీద ఇప్పటికీ ఉంది. కింది ప్యానెల్‌లో ఓడిపోయిన దేశం లేని కోర్టుకు అప్పీలు చేస్తే కేసు అక్కడితో గాలిలో ఉండిపోతుంది. చక్కెర సబ్సిడీల కేసులో ఓడిపోయిన భారత్ 2022 జనవరిలో చేసింది అదే. మన చెరకు రైతు కోణం నుంచి తప్పు పట్టలేను. నియమాలతో నడిచే ప్రపంచం కావాలని ప్రతి వేదిక మీదా చెప్పే దేశంగా మాత్రం అది మనకు అంత గౌరవం కాదు.

అంతర్జాతీయ ద్రవ్యనిధిలో కోటాలు మారుస్తామని 2010లో ఒప్పుకుంటే అమెరికా కాంగ్రెస్ 2015 డిసెంబరు దాకా నాన్చింది. ఆ లోపు చైనా ఇంకో బ్యాంకు పెట్టేసింది, బ్రిటన్ వెళ్లి అందులో చేరింది. బ్రిక్స్ దేశాలు షాంఘైలో ఇంకొకటి పెట్టాయి, దానికి మొదటి అధ్యక్షుడు మన కె.వి. కామత్. పాత ఇంట్లో గది ఇవ్వకపోతే జనం పక్కన ఇల్లు కట్టుకుంటారు. పాత ఇల్లు కూలదు, అందులో మాట్లాడే విషయాలు తగ్గిపోతాయి, అంతే. 2040 నాటికి మనకు శాశ్వత కుర్చీ దొరికిందే అనుకుందాం, అప్పటికి ఆ బల్ల దగ్గర తేలే విషయాలెన్ని మిగులుతాయి? కృత్రిమ మేధ నియమాలు, డేటా, కీలక ఖనిజాలు, సముద్రపు అడుగున తవ్వకాలు, వీటిలో ఏదీ మండలిలో తేలడం లేదు. సముద్రపు అడుగు నియమాలు తేలేది జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఉన్న ఒక సంస్థలో. సముద్రపు అడుగు ఖనిజాల కోసం 1987లో మొట్టమొదటి పెట్టుబడిదారుగా నమోదైన దేశం మనమే, హిందూ మహాసముద్రం మధ్యలో లక్షన్నర చదరపు కిలోమీటర్లతో. నా విద్యార్థుల్లో కింగ్‌స్టన్ పేరు క్రికెట్ వల్ల తెలిసినవాళ్లే ఎక్కువ.

2028-29కి భారత్ మళ్లీ మండలి తాత్కాలిక సీటుకు పోటీ చేస్తోంది. ఎన్నిక 2027లో. గెలుస్తామనే అనుకుంటున్నాను, 2020లో 192 ఓట్లలో 184 వచ్చాయి. ఆ రెండేళ్లూ శాశ్వత సభ్యత్వం మీద ఉపన్యాసాలతో గడపకుండా ఒక పని చేయొచ్చు. వీటోకు ఆధారమైన చార్టర్ 27వ అధికరణంలోనే మూడో పేరాలో ఇంకో నియమం ఉంది: వివాదాల శాంతియుత పరిష్కారం గురించిన తీర్మానాల్లో, ఆ వివాదంలో భాగమైన దేశం ఓటు వేయకూడదు. శాశ్వత సభ్యుడైనా సరే. 1947లో అల్బేనియాతో తగాదా మీద బ్రిటన్ దీన్ని పాటించింది. 1960లో నాజీ అధికారి ఐష్‌మన్‌ను తన గడ్డ మీద నుంచి ఇజ్రాయెల్ వాళ్లు ఎత్తుకుపోయిన విషయంలో అర్జెంటీనా పాటించింది. ఆ తర్వాత ఎవరూ దాని జోలికి పోవడం లేదు. సవరణ అక్కర్లేదు, 129 ఓట్లు అక్కర్లేదు, బీజింగ్ సంతకం అక్కర్లేదు. ప్రతి సందర్భంలో లేచి, మీరు ఇందులో పక్షం, ఓటు వేయకండి అని అడిగే ఒక సభ్యుడు కావాలి. వినకపోవచ్చు. యుద్ధాన్ని ఆపే తీర్మానాలకు ఈ నియమం వర్తించదని తప్పించుకోనూవచ్చు. రెండేళ్లు అడిగితే ఇంకొకరు అడగడం మొదలుపెడతారు.

మన విదేశాంగ శాఖ దీనికి ఎందుకు వెనకాడుతుందో కూడా ఊహించగలను. రేపు కశ్మీర్ మాట వస్తే అదే నియమం మనకూ తగులుతుంది. తగులుతుంది, నిజమే. 1950లోనూ, 1951లోనూ మనం మండలిలో ఉండగానే కశ్మీర్ మీద తీర్మానాలు వచ్చాయి. అప్పటి మన ప్రతినిధి బి.ఎన్. రావు. ప్రతిసారీ భారత్ ఓటు వేయకుండా తటస్థంగా ఉంది.